ఊరి చెత్తకు ప్లాన్ వేయడం ఎలా: తూకం నుంచి పూడ్చే గుంత దాకా

చెత్త పేరుకుపోయి ఊరంతా విసిగినప్పుడు మొదట కొనేది బండ్లు. తర్వాత బుట్టలు పంచుతారు. ఆ తర్వాత ఎక్కడో ఒక షెడ్డు లేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఇంట్లో విడిగా పెట్టిన చెత్త బండిలో కలిసిపోతుంటుంది. షెడ్డులో ఎరువు తయారవదు, చెత్త మొత్తం పాత గుట్ట మీదికే చేరుతుంది. జనం మాట వినలేదని అంటారు గానీ తప్పు చాలాసార్లు వాళ్ళది కాదు. బండి ఎంత మోయగలదో, షెడ్డు ఎంత తీసుకోగలదో, గుంతలో ఎంత పడుతుందో ఎవరూ ఒకే కాగితం మీద లెక్క వేయలేదు.

సమగ్ర ఘన వ్యర్థాల నిర్వహణ అంటే ఆ లెక్కే. ఇంట్లోంచి బయటికి వచ్చే ప్రతి కిలో ఎక్కడికి పోతుందో ముందే తెలిసి ఉండాలి. దాన్ని తీసుకునే తర్వాతి చోటు దానికి సరిపడా సిద్ధంగా ఉండాలి. అందుకే ప్లాన్‌ను చివరి నుంచి మొదటికి వేయండి. పూడ్చే గుంత, కంపోస్టు, పొడి చెత్త షెడ్డు తేలాకే బండి. బండి తేలాకే ఇంట్లో బుట్ట.

ఇక్కడ లెక్కలన్నీ 10,000 మంది, 2,000 ఇళ్ళు ఉన్న ఒక ఊరిని ఉదాహరణగా తీసుకుని చేసినవి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

మొదటి పని: తూకం

మనిషికి రోజుకు ఇంత చెత్త అని ఎక్కడో చదివిన అంకెను తెచ్చి ప్లాన్‌లో పెట్టకండి. ప్రపంచ బ్యాంకు 2018లో ఇచ్చిన నివేదికలో ప్రపంచ సగటు మనిషికి రోజుకు 0.74 కిలోలు. అదే నివేదికలో దేశాల సగటులు 0.11 కిలోల నుంచి 4.54 కిలోల దాకా ఉన్నాయి. అంత తేడా ఉన్నప్పుడు అరువు తెచ్చుకున్న అంకెతో కొన్న బండి చాలకనో, సగం ఖాళీగానో తిరుగుతుంది.

తూకానికి దాదాపు 90 ఇళ్ళు చాలు. బాగా కలిగిన ఇళ్ళు 30, మధ్యస్థం 30, పేదవి 30 తీసుకోండి. ప్రతి ఇంటికీ నంబరు వేసిన సంచులిచ్చి, ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో రాసుకోండి. వరుసగా 8 రోజులు తీసుకుని తూచండి, మొదటి రోజు తూకాన్ని మాత్రం లెక్కలోంచి తీసేయండి. అంతకుముందు రోజుల నుంచి నిలవున్న చెత్త ఆ రోజు బయటికి వస్తుంది కాబట్టి దాన్ని కలిపితే సగటు పెరిగిపోతుంది. మిగిలిన 7 రోజుల్లో వారమంతా వస్తుంది. సెలవు రోజు చెత్త, పని రోజు చెత్త ఒకటి కాదు.

సగటు తీసేటప్పుడు మూడు వర్గాలనూ సమానంగా కలిపి మూడుతో భాగించడం అందరూ చేసే పొరపాటు. ఊళ్ళో ఏ వర్గం జనాభా ఎంత శాతమో చూసి ఆ పాళ్ళలోనే కలపాలి. దుకాణాలు, బడులు, హోటళ్ళు, సంతలు, వీధులు ఊడ్చిన చెత్త ఇళ్ళ లెక్కలోకి రావు, వాటిని విడిగా తూచాలి. సంత ఉన్న రోజు ఒక్కటీ వారం లెక్కను మార్చేయగలదు.

తూచిన చెత్తలో ఏముందో తెలియాలంటే దాన్ని నేల మీద పరిచిన పట్టా మీద పోసి, పారతో బాగా కలిపి, గుండ్రంగా సర్ది నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేసి, మిగిలిన రెండింటినీ మళ్ళీ కలపండి. దాదాపు 100 కిలోలు మిగిలేదాకా ఇలా తగ్గిస్తూ వచ్చి, ఆ 100 కిలోలను చేత్తో వేరు చేసి రకం వారీగా తూచండి. చేతులకు మందపాటి గ్లౌజులు, కాళ్ళకు బూట్లు లేకుండా ఈ పని ఎవరితోనూ చేయించకండి. సూదులూ గాజుముక్కలూ తప్పకుండా ఉంటాయి.

సాంద్రత కొలవడం చాలామంది మర్చిపోతారు, బండి సైజు తేలేది మాత్రం దానితోనే. 100 లీటర్ల డ్రమ్ము తీసుకుని చెత్తతో నింపండి. నేల నుంచి 10 సెంటీమీటర్లు పైకెత్తి మూడుసార్లు వదలండి, కుంగిన మేర మళ్ళీ నింపండి, తూచండి. వచ్చిన తూకాన్ని 10తో గుణిస్తే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. తడి చెత్తకూ పొడి చెత్తకూ విడివిడిగా చేయండి.

ఈ పనంతా ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చేయాలి. వానలో తడిసిన చెత్త బరువు పెరుగుతుంది, ఆకు రాలే కాలంలో వీధి చెత్త పెరుగుతుంది. ఒక్క కాలంలో తూచి ఏడాదికి ప్లాన్ వేస్తే రెండో కాలంలో బండి చాలదు.

మన ఉదాహరణ ఊరిలో తూకం మనిషికి 0.4 కిలోలు వచ్చిందనుకుందాం. అంటే రోజుకు 4,000 కిలోలు. అందులో తడి చెత్త 55 శాతం, అంటే 2,200 కిలోలు. అమ్ముడుపోయే పొడి చెత్త 18 శాతం, 720 కిలోలు. ఎవరూ కొనని పొడి చెత్త, అంటే పొరలు పొరలుగా ఉండే ప్యాకెట్లు, చిరుగు గుడ్డలు, తోలు, రబ్బరు లాంటివి 15 శాతం, 600 కిలోలు. మట్టి, బూడిద, ఊడ్చిన దుమ్ము 10 శాతం, 400 కిలోలు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, బ్యాటరీలు, మందుల్లాంటి విడిగా చూడాల్సినవి 2 శాతం, 80 కిలోలు.

గుంత లెక్క ముందు

మిగతావన్నీ బాగా నడిచినా కొంత చెత్త పూడ్చక తప్పదు. చెత్తే లేని ఊరు కావాలన్న కోరిక మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని గుంత లేకుండా ప్లాన్ వేస్తే మిగిలిన చెత్త చెరువు గట్టుకో, రోడ్డు పక్కకో చేరుతుంది.

మన ఊరిలో ఎవరూ కొననిది 600, మట్టి 400 కలిపి 1,000 కిలోలు. కంపోస్టు జల్లెడ మీదా, పొడి చెత్త షెడ్డులోనూ పనికిరాక మిగిలేది ఇంకో 200 అనుకోండి. రోజుకు 1,200 కిలోలు, ఏడాదికి 438 టన్నులు. చిన్న యంత్రంతో తొక్కించితే ఘనపు మీటరుకు 600 కిలోలు పడుతుందనుకుంటే 730 ఘనపు మీటర్లు. పైన కప్పే మట్టికి 20 శాతం కలిపితే ఏడాదికి దాదాపు 875. జనాభా, చెత్త రెండూ కలిసి ఏటా 3 శాతం పెరుగుతాయనుకుంటే పదేళ్ళకు 10,000 ఘనపు మీటర్లు కావాలి. సగటు లోతు 5 మీటర్లయితే 2,000 చదరపు మీటర్ల గుంత. దారి, గట్లు, ఊట నీటి (చెత్తలోంచి కారే మురికి నీటి) తొట్టి, చుట్టూ చెట్ల వరుస విడిగా కావాలి.

ఇప్పుడు అదే గుంతలో వేరు చేయకుండా మొత్తం 4,000 కిలోలూ పోస్తే ఏమవుతుందో చూడండి. పదేళ్ళకని తవ్విన గుంత మూడేళ్ళ మీద కొన్ని నెలలకే నిండిపోతుంది. చెత్త వేరు చేయడం ఎందుకని అడిగే సభ్యుడికి ఈ లెక్క చూపించండి, ఇంతకంటే బలమైన మాట మరొకటి లేదు.

స్థలం చూసేటప్పుడు వరద వచ్చే పల్లం, తాగునీటి బావుల ఎగువ, భూగర్భ జలం పైకి ఉన్నచోటు వద్దనుకోండి. ఎంత దూరం ఉండాలో మీ చట్టం చెబుతుంది, అది కనీస దూరం మాత్రమే. కింద 60 సెంటీమీటర్ల మందాన బంకమట్టి పొరలు పొరలుగా తొక్కించి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పట్టా పరచడం మామూలుగా పాటించే పద్ధతి. పట్టా మీద 30 సెంటీమీటర్ల గులకరాళ్ళ పొర, అందులో రంధ్రాల పైపులు, ఆ పైపులు చేరే ఊట నీటి తొట్టి ఉండాలి. పట్టా మీద ఊట నీరు 30 సెంటీమీటర్లకు మించి నిలవకూడదు. చుట్టూ వాన నీటి కాలువ తవ్వి బయటి నీటిని బయటే మళ్ళించండి. బయటి నుంచి గుంతలోకి చేరే ప్రతి బకెట్ వాన నీరూ తర్వాత మీరు శుద్ధి చేయాల్సిన మురికి నీరే అవుతుంది.

ప్రతి రోజూ సాయంత్రం 15 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. దానివల్ల ఈగలు, ఎలుకలు, కుక్కలు, నిప్పు అన్నీ తగ్గుతాయి. ఊడ్చిన మట్టినీ, కంపోస్టు జల్లెడ మీద మిగిలిన ముతక పొడినీ ఈ కప్పుకే వాడుకుంటే వేరే మట్టి కొనే పని తగ్గుతుంది. పక్క వాలు 3 అడుగుల అడ్డానికి 1 అడుగు ఎత్తు కంటే నిటారుగా ఉండకూడదు.

వాలు సంగతిని తేలిగ్గా తీసుకోకండి. 2005 ఫిబ్రవరి 21న ఇండోనేషియాలోని బాండుంగ్ దగ్గర ల్యూవిగాజా చెత్త గుట్ట భారీ వర్షాల తర్వాత జారి కింది ఇళ్ళ మీద పడింది, 140 మందికి పైగా చనిపోయారు. ఆ దేశం ఇప్పుడు ఏటా ఆ తేదీన చెత్త గురించి ఆలోచించే రోజు పాటిస్తోంది. నిటారుగా పెంచిన గుట్ట, లోపల మగ్గుతున్న నిప్పు, పైనుంచి వాన కలిస్తే ఏ గుట్టైనా జారుతుంది. మీ ఊరి పాత గుట్ట కింద ఇళ్ళుంటే కొత్త ప్లాన్‌లో తొలి ఖర్చు ఆ గుట్ట వాలు తగ్గించడానికే కేటాయించండి.

తడి చెత్త: ఎక్కువ ఆలోచించాల్సిన చోటు

బరువులో సగానికి మించి ఇదే. వాసన, ఈగలు, ఊట నీరు, మీథేన్ పుట్టేదీ దీనిలోంచే. దీన్ని సరిగ్గా పట్టుకుంటే మిగతా పని సగం తేలికవుతుంది.

మొదట అడగాల్సింది, ఇది ఇల్లు దాటి రావాలా అని. పెరడు ఉన్న ఇళ్ళలో అక్కడే కంపోస్టు చేయించగలిగితే బండి, డీజిలు, షెడ్డు మూడూ తగ్గుతాయి. అయితే అలా చేస్తామని పేరు రాయించుకున్న ఇళ్ళను నెలకోసారి వెళ్ళి చూడండి. కాగితం మీద కంపోస్టు చేస్తున్న ఇళ్ళను లెక్కలోంచి తీసేసి బండ్లు తగ్గిస్తే, రెండు నెలల తర్వాత ఆ చెత్త వీధి చివర కనిపిస్తుంది.

ఇళ్ళలో ఏమీ ఆగకుండా మొత్తం 2,200 కిలోలూ షెడ్డుకే వస్తాయనుకుంటే, వరుస గుట్టల పద్ధతి చిన్న ఊరికి నమ్మకమైనది. యంత్రాలు తక్కువ, పాడయ్యేదీ తక్కువ. ఘనపు మీటరుకు 450 కిలోల లెక్కన రోజుకు దాదాపు 5 ఘనపు మీటర్ల తడి చెత్త వస్తుంది. ఇది ఒక్కటే పోస్తే ముద్దకట్టి కుళ్ళుతుంది. రెండు పాళ్ళ తడి చెత్తకు ఒక పాలు ఎండుటాకులు, కొమ్మల తురుము కలపండి. కలిపితే ఆకుల మధ్య సందులు నిండి కొంత కుంగుతుంది కాబట్టి రోజుకు 6.5 ఘనపు మీటర్లు, వారానికి 45 అనుకోండి. గుట్ట 1.5 మీటర్ల ఎత్తు, అడుగున 3 మీటర్ల వెడల్పుతో త్రికోణంగా పోస్తే వారానికి 20 మీటర్ల పొడవు గుట్ట ఒకటి తయారవుతుంది.

ఇంతకంటే ఎత్తు పెంచితే అడుగు భాగానికి గాలి అందదు. 1 మీటరు కంటే తక్కువైతే వేడి నిలవదు. నాలుగు వారాలకు గుట్ట సగానికి కుంగుతుంది, అప్పుడు రెండు గుట్టలను ఒకటి చేయండి. ఎనిమిది వారాల చక్రానికి ఆరు గుట్టల చోటు, మధ్యలో తిరగడానికి 2 మీటర్ల ఖాళీ కలిపి 600 చదరపు మీటర్లు. మాగబెట్టడానికి, జల్లెడకు, నిలవకు, ఎండుటాకుల గోదాముకు ఇంకో 400. మొత్తం 1,000 చదరపు మీటర్లు చూసుకోండి. ఎండుటాకులకు చోటెందుకంటే, అవి రాలేది ఏడాదిలో కొన్ని నెలలే, మీకు కావాల్సింది ఏడాది పొడవునా. దాచుకోని ఊళ్ళలో ఆకులు లేని కాలంలో షెడ్డు కంపు మొదలవుతుంది.

నేలకు 1 నుంచి 2 శాతం వాలు, వాలు చివర కాలువ, కాలువ చివర తొట్టి ఉండాలి. తొట్టిలో చేరిన నీటిని ఇంకా వేడెక్కుతున్న కొత్త గుట్టల మీదే చల్లండి, మాగిన ఎరువు మీద మాత్రం వద్దు, అందులో చచ్చిన క్రిములు మళ్ళీ చేరతాయి. వాన ఎక్కువ ఉన్నచోట పైకప్పు తప్పనిసరి.

గుట్ట లోపలి వేడిని పొడవాటి థర్మామీటరుతో రోజూ చూసి రాయండి. 55 డిగ్రీల సెల్సియస్ దాటి 15 రోజులు ఉండాలి, ఆ 15 రోజుల్లో కనీసం 5 సార్లు తిరగేయాలి. రోగక్రిములు, కలుపు విత్తనాలు చచ్చేది అప్పుడే. 70 డిగ్రీలకు చేరుతుంటే వెంటనే తిరగేయండి, మంచి సూక్ష్మజీవులు కూడా చస్తాయి. తేమ 50 నుంచి 60 శాతం ఉండాలి. పరికరం లేకపోతే గుప్పెడు తీసి గట్టిగా పిండండి. రెండు మూడు చుక్కలు రాలితే సరిపోయింది. ధార కట్టితే నీరు ఎక్కువ, చెయ్యి తెరవగానే పొడిగా రాలిపోతే తక్కువ.

గుట్టకు ఏం జబ్బు చేసిందో ముక్కు చెబుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి లేదు, తడి ఎక్కువ. ఎండు ఆకు కలిపి తిరగేయండి. అమోనియా ఘాటు కొడితే నత్రజని ఎక్కువైంది, కార్బన్ ఉన్న తురుము కలపండి. కార్బన్, నత్రజని 25–30కి 1 పాళ్ళలో ఉండాలన్నది గురి. వేడే ఎక్కకపోతే చాలాసార్లు కారణం గుట్ట చిన్నది కావడం లేదా ఎండిపోవడం. పురుగులు కనిపిస్తే కొత్త చెత్త పైన తేలి ఉందన్నమాట, లోపలికి తిప్పి పైన పాత కంపోస్టు ఒక పొర కప్పండి.

చివరికి తడి చెత్త బరువులో నాలుగో వంతు అటూఇటుగా ఎరువు వస్తుంది, మన ఊరికి రోజుకు 550 కిలోల దాకా. మిగతాది ఆవిరి, కార్బన్ డయాక్సైడ్. ఎరువు అమ్మకాలతో షెడ్డు ఖర్చంతా తీరుతుందని ప్లాన్‌లో రాయకండి. గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు ఉన్న ఎరువును రైతు ఒక్కసారి కొంటాడు, రెండోసారి కొనడు. ఎరువు నాణ్యత జల్లెడలో కంటే ఇంటి గుమ్మం దగ్గరే ఎక్కువ తేలుతుంది.

బయోగ్యాస్ మంచిదే, ఒక టన్ను ఆహార వ్యర్థాలకు 100 ఘనపు మీటర్ల చుట్టుపక్కల గ్యాస్ వస్తుంది. కానీ దానికి రోజూ ఒకే రకం, ఒకే పరిమాణం మేత కావాలి. ఒకరోజు రెట్టింపు పోస్తే లోపల ఆమ్లం పెరిగి గ్యాస్ ఆగిపోతుంది, మళ్ళీ దారికి రావడానికి వారాలు పడుతుంది. హోటళ్ళు, హాస్టళ్ళ లాంటి చోట్ల నుంచి విడిగా వచ్చే చెత్తకు, ఆ గ్యాస్‌ను పక్కనే వాడుకునే పొయ్యి ఉన్నప్పుడు పెట్టండి. ఇళ్ళ నుంచి వచ్చే కలగూర చెత్తకు మొదటి ఏడాదిలో వద్దు.

పొడి చెత్త, అమ్ముడుపోనిది, ప్రమాదకరమైనది

షెడ్డు కట్టకముందే కొనేవాళ్ళతో మాట్లాడండి. ఏ రకం కొంటారు, ఎంత పోగైతే బండి పంపుతారు, తడిసినా తీసుకుంటారా, బేలు కట్టి (నొక్కి మూటలుగా కట్టి) ఇవ్వాలా? వాళ్ళు కొనే రకాలను బట్టే షెడ్డులో ఎన్ని గదులుండాలో తేలుతుంది. మనిషి గంటకు ఎంత వేరు చేయగలడో ఊహించకండి, ఒకరితో గంట పని చేయించి తూచి చూడండి. షెడ్డులో నిలవ చోటు కనీసం మూడు వారాలకు సరిపోవాలి, కొనే బండి ఒక వారం రాకపోయినా పని ఆగకూడదు.

ఊళ్ళో ఇప్పటికే చెత్త ఏరుకుని బతికేవాళ్ళు ఉంటారు. వాళ్ళను పక్కకు నెట్టి కొత్త కాంట్రాక్టు ఇవ్వడం అన్యాయం, పైగా తెలివితక్కువ పని. ఏ ప్లాస్టిక్ ఎక్కడ అమ్ముడుపోతుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. ప్లాన్ కమిటీలో వాళ్ళకు చోటివ్వండి. సేకరణలో, షెడ్డులో తొలి ఉద్యోగాలు వాళ్ళకే ఇవ్వండి. గుర్తింపు కార్డు, గ్లౌజులు, బూట్లు, ధనుర్వాతం, హెపటైటిస్ బి టీకాలు ఇవ్వండి.

కొనేవాళ్ళు లేని ప్లాస్టిక్‌ను దగ్గర్లో సిమెంటు కర్మాగారం ఉంటే బట్టీ ఇంధనంగా పంపవచ్చు, పీవీసీ (పైపులు చేసే రకం ప్లాస్టిక్) మాత్రం తీసేయాలి, అందులో క్లోరిన్ ఉంటుంది. తగలబెట్టే ప్లాంటు పెడతామని ఎవరైనా వస్తే ముందు మీ చెత్తకున్న వేడినిచ్చే శక్తిని అడగండి. ఏడాది సగటున కిలోకు 7 మెగాజౌళ్ళు ఉండాలి, ఏ కాలంలోనూ 6కు తగ్గకూడదు అని ప్రపంచ బ్యాంకు మార్గదర్శకం. తడి చెత్త సగానికి మించి ఉన్న ఊళ్ళో వానాకాలంలో ఆ గీత దాటడం కష్టం. బయట గుట్టగా తగలబెట్టడం అసలే కుదరదు, ఆ పొగలో డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషాలు ఉంటాయి.

విడి చెత్త 80 కిలోలే కదా అని వదలకండి. బ్యాటరీలు, పాదరసం ఉన్న ట్యూబులైట్లు, రంగు డబ్బాలు, గడువు దాటిన మందులు, సూదులు కంపోస్టును పాడుచేస్తాయి, కార్మికుల చేతులను కోస్తాయి. లిథియం బ్యాటరీ నలిగితే షెడ్డు మొత్తం అంటుకోవచ్చు. వీటికి నెలకోసారి విడిగా సేకరణ రోజు పెట్టండి. ప్యాడ్లు, డైపర్లు మాత్రం రోజూ కాగితంలో చుట్టి గుర్తు వేసి ఇవ్వాలి. ఆసుపత్రుల వైద్య వ్యర్థాలను మీ బండిలో ఎక్కించుకోవద్దు, వాటి దారి వేరు.

బండి లెక్క

ఇప్పుడు బండి దగ్గరికి రావచ్చు. తడి చెత్త 5 ఘనపు మీటర్లు. పొడి చెత్త 1,320 కిలోలే అయినా సాంద్రత ఘనపు మీటరుకు 100 కిలోలు కాబట్టి 13 ఘనపు మీటర్లు. బరువు తక్కువైన పొడి చెత్తకే రెండున్నర రెట్లు ఎక్కువ చోటు కావాలి. బండిని రెండు సమాన అరలు చేస్తే పొడి అర ముందే నిండిపోతుంది, కార్మికుడు మిగిలింది తడి అరలో వేస్తాడు. చెత్త కలిసిపోవడం చాలాచోట్ల ఇక్కడే మొదలవుతుంది. అరలు మీ కొలతల ప్రకారం చేయించండి, లేదా తడి రోజూ, పొడి వారంలో రెండు రోజులూ వేరే బండిలో తీసుకోండి.

రెండూ రోజూ తీసుకుంటే 18 ఘనపు మీటర్లు. 2 ఘనపు మీటర్ల బండి, 90 శాతం నిండుతుంది, రోజుకు మూడు ట్రిప్పులు, అంటే ఒక బండికి 5.4. నాలుగు బండ్లు కావాలి, రిపేరు రోజులకు ఐదోది. కానీ ఇక్కడితో ఆగకుండా సమయం కూడా చూడండి. నాలుగు బండ్లకు 2,000 ఇళ్ళు పంచితే బండికి 500, ట్రిప్పుకు 167. ఇంటికి 40 సెకన్లు అయితే 111 నిమిషాలు, షెడ్డుకు పోయి రావడానికి 30, దించడానికి 15, కలిపి 156. మూడు ట్రిప్పులకు 7 గంటల 48 నిమిషాలు. ఇంటి దగ్గర ఇంకో 10 సెకన్లు ఎక్కువ పడితే రోజుకు గంటా ఇరవై నిమిషాలకు పైగా పెరుగుతుంది. అప్పుడు చివరి వీధికి బండి రాదు. కాబట్టి గుమ్మం దగ్గర కార్మికుడు వేరు చేసుకోవాల్సిన అవసరం ఉండకూడదు, ఇల్లే వేరు చేసి ఇవ్వాలి. బండి నడవని ఇరుకు వీధుల్లో తోపుడు బండి, దానికి చేతికందే ఎత్తులో దించే చోటు పెట్టండి. చెత్త నేల మీద కుమ్మరించి మళ్ళీ పారతో ఎత్తడం ఎక్కడా ఉండకూడదు.

200 ఇళ్ళతో మొదలు, డబ్బు లెక్క, నెలవారీ కాగితం

ఊరంతా ఒకేరోజు మొదలుపెట్టకండి. 200 ఇళ్ళలో 6 నుంచి 8 వారాలు నడపండి. అదే కార్మికుడు, అదే వేళ, అదే బండి ఉండాలి. వేళ తప్పితే రెండు వారాల్లో జనం వీధి మూలకు అలవాటుపడతారు. కలిపి ఇచ్చిన ఇంటిని తిట్టకుండా, చెత్త తీసుకోకుండా, ఏది తప్పో చూపించి బుట్ట అక్కడే వదిలి రావాలి. వారానికోసారి 50 కిలోల తడి చెత్త తీసి అందులోని ప్లాస్టిక్, గాజు ఏరి తూచండి. 10 శాతం దాటితే మరో వీధికి విస్తరించకండి, ఆ వీధిలోనే ఇంకా పని ఉంది. వేరు చేసి ఇచ్చిన చెత్తను ఒక్కరోజైనా బండిలో కలపడం ఇంటివాళ్ళ కంట పడితే, మళ్ళీ నమ్మకం రావడానికి నెలలు పడుతుంది.

కొనడానికి డబ్బు ఒకసారి దొరుకుతుంది, నడపడానికి ప్రతి నెలా కావాలి. జీతాలు, డీజిలు, రిపేర్లు, గ్లౌజులు–బూట్లు, కరెంటు, గుంత నిండాక మూయడానికి దాచే డబ్బు రాయండి. బండి ధరను 7 ఏళ్ళకు భాగించి ఏటా అంత పక్కన పెట్టండి, లేకపోతే ఎనిమిదో ఏట ఊరికి బండి ఉండదు. ఇంటింటి రుసుము తేలాలంటే ఈ ఖర్చుల మొత్తాన్ని 2,000తో కాకుండా నిజంగా చెల్లించే ఇళ్ళ సంఖ్యతో భాగించాలి. మొదటి ఏడాది మూడింట రెండు ఇళ్ళే కడతాయని అనుకుని లెక్క వేయండి. తగ్గిన డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ప్లాన్‌లోనే రాయండి. పాత సామాను, ఎరువు అమ్మిన డబ్బును ఖర్చులకు చూపకుండా కార్మికులకు బోనస్‌గా ఇస్తే షెడ్డులో వేరు చేసే పని బాగా సాగుతుంది.

నడక మొదలయ్యాక నెలకు ఒక కాగితం చాలు: వచ్చిన తడి, పొడి, మట్టి తూకాలు, అమ్మింది, ఎరువైంది, గుంతలో పడింది, బండి తిరగని రోజులు, వచ్చిన ఫిర్యాదులు, కార్మికుల గాయాలు. వచ్చిన బరువుకూ, అమ్మింది, ఎరువైంది, ఆవిరైంది, పూడ్చింది కలిపిన బరువుకూ పెద్ద తేడా ఉంటే ఊళ్ళో ఎక్కడో చాటుగా పోస్తున్నారన్నమాట. ఆ కాగితాన్ని షెడ్డు గేటు మీద అంటించండి. గుంతలో పడే బరువు వరుసగా మూడు నెలలు పెరిగితే మళ్ళీ నాలుగు భాగాల పద్ధతితో ఒక 100 కిలోలు విప్పి చూడండి. తడి చెత్త కనిపిస్తే ఏ బండి దారిలోంచి వస్తుందో వెతకండి, పొడి కనిపిస్తే షెడ్డులో ఏ రకం అమ్మకం ఆగిందో అడగండి.